చెయ్యి అందని చోట

"నువ్వెక్కడ చూశావు?" అత్తగారు నెరీనా మళ్ళీ అడిగింది.

మొదటిసారి అడిగినప్పుడు అది మామూలు ప్రశ్నే. రెండోసారికి బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది.

మార్నీ తన పళ్ళెంలోకి తల దించుకుంది. పచ్చగా పొగలు కక్కుతున్న పొలెంటా, ఇటలీ వాళ్ళు మొక్కజొన్న పిండితో వండే ముద్ద, దాని నడుమ గుంట చేసి పోసిన కోడి పులుసు. పెళ్ళయి ఈ చెరుకు తోటల మధ్య ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆదివారం మధ్యాహ్నమంటే ఆమెకి పండగే. గట్టు తెగి పులుసు పారిపోకుండా ఆ ముద్దని ఎలా తినాలో మొగుడు డారియో నేర్పాడు. ఇవాళ గట్టు తెగిపోయింది. పులుసు పళ్ళెమంతా పారింది.

"నిన్నే, అమ్మాయ్. మీ మావయ్య వీపు మీద నల్ల మచ్చ ఉందన్నావు, డాక్టరుకి చూపించమన్నావు. బాగానే ఉంది. ఆయన వీపు నీకెలా కనిపించిందీ అని అడుగుతున్నాను."

బల్లకి ఆ చివర మావగారు ఆల్డో చేతిలోని రొట్టెని రెండుగా తుంచాడు. ఆ రెండింటినీ నాలుగు చేశాడు. పొద్దున చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది, మెడ దాకా బొత్తాలతో. ఎంత ఉక్కపోసినా ఆయన చొక్కా విప్పి కూర్చోవడం మార్నీ ఎన్నడూ చూడలేదు.

తప్పంతా ఇనేసత్త ముక్కుది. డారియో మేనత్త ప్రతి ఆదివారం భోజనానికి వస్తుంది, వచ్చినప్పుడల్లా తన ముక్కు కథ చెబుతుంది. ముక్కు కొన మీద మానని పుండు లేవడం, అది ఎండ తెచ్చిన కాన్సరని డాక్టరు కోసెయ్యడం, చెవి వెనకాల చర్మం తీసి అక్కడ అతకడం. "ఇప్పుడు నా ముక్కుకి గాలి తగిలితే చెవి వినిపిస్తుంది," అని ఆమె అనగానే అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో, ఇన్ని వారాలుగా మార్నీ గొంతుకి అడ్డం పడి ఉన్న మాట జారి బల్ల మీద పడింది. పపా, మీ వీపు మీది మచ్చ డాక్టరుకి చూపించండి, ఇంక ఆలస్యం చెయ్యకండి.

"మా రోజుల్లో కోడళ్ళు మావగార్ని బూట్లు చూసి గుర్తుపట్టేవాళ్ళు," అంది ఇనేస్ ఇప్పుడు, వైన్ గ్లాసులోకి చూస్తూ. "వీళ్ళకి వీపులు కూడా తెలుసు."

"అత్తా, నువ్వు కాస్త ఊరుకుంటావా," అన్నాడు డారియో.

"నేనేమన్నాను? నా ముక్కు సంగతి నేను చెప్పుకుంటున్నాను. మధ్యలో వీపు తెచ్చింది నీ పెళ్ళాం."

"ఇంటి కింద," అంది మార్నీ. "బట్టలు ఉతకడానికి కిందికి వెళ్ళాను, మమ్మా. పపా స్నానం చేస్తున్నారు. పలకల సందులోంచి... అటు పోతుంటే కనిపించింది."

నిలువెత్తు స్తంభాల మీద నిలబడ్డ ఇల్లు అది. మనుషులు పైన, పనిముట్లు, బట్టలుతికే తొట్టి కింద. చెరుకు తోటలోంచి వచ్చిన మగవాళ్ళు ఒంటి మీది మట్టితో పైకి రాకూడదని, ఏ కాలంలోనో కింద ఒక మూల పలకకీ పలకకీ సందు వదిలి చెక్కలు కొట్టి స్నానాల గది చేశారు. ఆ దారిన పోయేవాళ్ళు కళ్ళు పక్కకి తిప్పుకుని పోతారు. అది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని మర్యాద.

మార్నీ తిప్పుకోలేదు. బల్ల దగ్గర చెప్పనిది అదే. ఆ సాయంత్రం ఆమె బట్టల బుట్టతో అక్కడే నిలబడిపోయింది. ఆల్డో వెన్ను మీద, రెక్క ఎముకల నడుమ, కాస్త ఎడమకి, నీళ్ళకి తడిసి ఒక ప్లాస్టర్ వేలాడుతోంది. దాని కింద నల్లగా, అంచులు చెదిరిన మచ్చ. ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చి మాంసం రంగు. ఆమె చూస్తూ ఉండగానే ఆల్డో తల తిప్పాడు. సందులోంచి ఇద్దరి కళ్ళూ కలిశాయి.

అప్పట్నుంచి ఆయన ఆమె ముఖం చూడలేదు. అంతకు ముందు రోజూ పొద్దున కాఫీ గిన్నె దింపగానే మొదటి కప్పు ఆమె వైపు జరిపేవాడు. ఆ కప్పు జరుగుతున్న చప్పుడుకి ఆమె ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు కప్పు మధ్యలో ఆగిపోతోంది. తను ఏం చూస్తూ నిలబడిందని ఆయన అనుకున్నాడో తలచుకుంటే మార్నీకి చెవుల దాకా వేడెక్కేది. మచ్చ కోసమే చూశానని చెప్పాలంటే, చూశానని చెప్పాలి.

"చెప్పిందిగా, దారిన పోతూ చూసిందని," అన్నాడు ఆల్డో హఠాత్తుగా. "అక్కడితో వదిలెయ్యి."

ఆయన తన కోసం అబద్ధమాడాడు. మార్నీకి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

"సరే, వదిలేశాను," అంది నెరీనా. "మచ్చ మాటేమిటి?"

"మచ్చా లేదు, పాడూ లేదు. చెరుకు కోసే మిషను తారు అంటుకుని ఉంటుంది."

"తారయితే కడిగితే పోదూ?"

"వీడి వీపుకేం అవుతుంది, నెరీనా," అంది ఇనేస్. "చేత్తో చెరుకు నరికే రోజుల్లో వీణ్ణి చూశావు కాదు నువ్వు. రాత్రి తోట కాల్చేవాళ్ళు, పొద్దున్నే చొక్కా లేకుండా దిగేవాళ్ళు. మధ్యాహ్నానికి ఒంటి మీద మసి తప్ప మనిషి కనిపించేవాడు కాదు. సాయంత్రం పళ్ళు చూసి మా తమ్ముడని పోల్చుకునేదాన్ని."

"ఆ మసే మాకు గొడుగు," అన్నాడు ఆల్డో. మాట దారి మళ్ళినందుకు ఆయన భుజాలు కాస్త దిగాయి. "మసి పట్టిన ఒంటికి ఎండ దిగదు. అందరం అదే అనుకునేవాళ్ళం."

"అనుకునేవాళ్ళు ఎంతమంది మిగిలారు?" అని నెరీనా అడిగింది.

ఇనేస్ చెయ్యి తన ముక్కు మీదికి వెళ్ళింది. మార్నీ ఈ ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతుంది. టోపీ లేనివాడికి ఆట లేదు, అంతే. టోపీ మరచిపోయి వచ్చిన చంటివాడు ఎంత ఏడ్చినా మెట్ల నీడలో కూర్చోబెడుతుంది, ముక్కుకీ చెవులకీ తెల్ల క్రీము పూస్తుంది. పిల్లలకి చెప్పేటప్పుడు ఆ గొంతు ఎంత గట్టిగా ఉంటుందో. ఇక్కడ పెద్దాయన ముందు అది పిల్లి గొంతయింది.

"పపా, ఇప్పుడే చూపిస్తే చిన్న కోత. అంతే అవుతుంది. ఆలస్యం చేస్తే..."

"కోతలు అయ్యాక చూద్దాం."

ఆ మాట ఆ ఇంట్లో చట్టం. కోతలు మొదలై ఫ్యాక్టరీ చిన్నరైలు చెరుకు పెట్టెలు వేసుకుని తిరుగుతున్నంతకాలం పన్ను నొప్పి, కప్పు కారడం, చుట్టాల మీద కోపం, అన్నీ ఆగాలి. ఇనేస్ అలవాటుగా తల ఊపింది. డారియో కూడా ఊపాడు. నెరీనా తల కూడా ఊగబోయింది. ఊగబోయిన తలని ఆమె మధ్యలో ఆపుకుంది.

"చొక్కా విప్పు," అంది.

"ఏంటి?"

"విప్పు. నేను చూస్తాను."

"అన్నం బల్ల దగ్గరా? నీకేమైనా మతి పోయిందా?"

"అయితే గదిలోకి రా."

ఏ గదిలోకని ఆయన అడగలేదు. కానీ ఆ ప్రశ్న ఆయన ముఖం మీదికి వచ్చి వెళ్ళిపోవడం మార్నీ చూసింది. నెరీనా కూడా చూసింది. ఆమె మెడ కింద నుంచి ఎరుపు పాకింది.

ఆల్డో కుర్చీ వెనక్కి తోశాడు. చేతి గుడ్డని మడత పెట్టాడు, మళ్ళీ విప్పి మడత పెట్టాడు. వెనక మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఒక్కొక్క మెట్టు చప్పుడూ పైకి వినిపించింది.

"మిషనుకి గ్రీజు పెట్టాలి," అని గొణిగి డారియో కూడా లేచాడు.

"మంచి కోళ్ళని చంపి వండావు, నెరీనా," అంది ఇనేస్. "తినేవాళ్ళు లేకుండా పోయారు." తన పళ్ళెం ఖాళీ చేసుకుని వరండాలో పడక కుర్చీలోకి వెళ్ళి, ముఖం మీద టోపీ వేసుకుని నిద్రపోయింది.

వంటింట్లో నెరీనా కడిగింది, మార్నీ తుడిచింది. ఫ్యాక్టరీ వైపు నుంచి పాకం వాసన కిటికీలోంచి వస్తోంది. మామూలుగా ఆ వాసనకి మార్నీ గట్టిగా ఊపిరి పీల్చేది. ఆస్ట్రేలియా దక్షిణపు కొసన చల్లటి హోబార్ట్‌లో పుట్టి పెరిగిన పిల్లకి ఊరు ఊరంతా బెల్లం వాసన వెయ్యడం ఎంత వింతో, ఎంత ఆనందమో. మొగుడి మెడ దగ్గర కూడా సాయంత్రాలు అదే వాసన.

నెరీనా నాలుగైదు పళ్ళేలు కడిగింది.

"ఎంతుంది?" అంది, నీళ్ళలోకే చూస్తూ.

మార్నీ తన బొటనవేలి గోరు చూపించింది. "ఇంతకన్నా కొంచెం పెద్దది."

"లేచి ఉందా, చదునుగా ఉందా?"

"ఒక పక్క లేచింది."

"రక్తం?"

"ప్లాస్టర్ మీద ఉంది మరక."

నెరీనా చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. "ప్లాస్టర్ ఉందా?"

"ఒక అంచు ఊడి వేలాడుతోంది. అందుకే కింద మచ్చ కనిపించింది. నా బడి పిల్లల ప్లాస్టరే, మమ్మా. ఆకుపచ్చ కప్పల బొమ్మలది." ఆ మాట చెబుతుంటే ఏడవాలో నవ్వాలో ఆమెకి తెలియలేదు. "నా ప్లాస్టర్ల పెట్టె స్నానాల గది అరలోనే ఉంటుందిగా. పపా తీసుకుని ఉంటారులే అనుకున్నాను. అంత పెద్దాయన వీపు మీద కప్ప బొమ్మ."

నెరీనా తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. మార్నీని భుజాలు పట్టుకుని అటు తిప్పింది. "ఎక్కడో చూపించు."

"రెండు రెక్కల నడుమ. కాస్త ఎడమకి. ఊఁ, అక్కడే."

నెరీనా వేలు అక్కడ ఒక నిమిషం నిలిచింది. తరువాత తీసేసింది. మార్నీ వెనక్కి తిరిగేసరికి అత్తగారు తన చేతిని తన వీపు మీదికి పోనిచ్చి, ఆ చోటు అందుకోవాలని చూస్తోంది. పై నుంచి ప్రయత్నించింది, కింద నుంచి ప్రయత్నించింది. వేళ్ళు గాలిలో ఆడాయి తప్ప అందలేదు.

"ఆయన భుజం ట్రాక్టరు మీద నుంచి పడ్డప్పుడు పోయింది," అంది నెమ్మదిగా. "తల దువ్వుకోవడానికే చెయ్యి పైకి లేవదు."

అప్పుడు తట్టింది మార్నీకి. ఎవరో అంటించారు. ఆమె నెరీనా వైపు చూసింది.

"నేను కాదు," అంది నెరీనా. "నేను కాదని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇల్లు చిన్నది."

తెలుసు. వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది, హాలుకి ఈ పక్క ఒక మంచం, ఆ పక్క ఒక మంచం. పెద్దవాళ్ళ పద్ధతేమో అనుకుంది. ఆ వెంటనే తన ఆనందంలో పడి మరచిపోయింది. డారియో వీపు మీద ఏ పుట్టుమచ్చ ఎక్కడుందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఒకదానికి పేరు కూడా పెట్టింది. అది గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గేసింది, ఏదో దొంగిలించి తెచ్చుకున్నట్టు.

"గొడవేం పడలేదు," అంది నెరీనా. "గొడవపడి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. ఒక కోతల కాలంలో తెల్లారకముందే లేచి వెళ్ళేవాడు. నాకు నిద్ర పాడవుతోందని పక్క గదిలో పడుకున్నాను. ఆ కోతలు అయిపోయాయి. నేను తిరిగి వెళ్ళలేదు. ఆయనా రమ్మనలేదు. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాను. తరువాత వెళ్ళడానికి మొహం చెల్లలేదు."

మార్నీ గుడ్డతో తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది.

"నా మొగుడి ఒంటి మీద కాన్సరు లేచిందని కొత్తగా వచ్చిన కోడలు నాకు చెప్పింది. నా ఆడబిడ్డ ఎదురుగా." నెరీనా గొంతు పెంచలేదు. "ఎక్కడ చూశావని నిన్ను రెండుసార్లు అడిగాను. ఎందుకడిగానో తెలుసా? నువ్వేదో చేశావని కాదు. నువ్వెందుకు చూడలేదని ఎవరూ నన్నడక్కముందే ఇంకొకళ్ళని అడగాలని."

"మమ్మా, అలా అనకండి."

"అననీ. ఒక్కసారి అననీ."

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. డారియో కాఫీ కోసం వచ్చాడు. చేతులకి గ్రీజు లేదు. తలుపు దగ్గరే ఆ సంగతి ఇద్దరాడవాళ్ళూ చూశారు.

"ప్లాస్టర్ ఎవరు అంటించారు, నాన్నా?" అని నెరీనా మెత్తగా అడిగింది.

అతను భార్య వైపు చూశాడు. మార్నీ ఆ చూపుని పట్టుకుని వదల్లేదు. చెప్పబోయే మాట ఆ చూపులోనే ఉంది.

"పపా చెప్పొద్దన్నాడు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందు నుంచి. చొక్కాకి రక్తం అంటుతోంది, నువ్వు బట్టలుతికేటప్పుడు చూస్తావని..." అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు. "డాక్టరు దగ్గర రోజు కూడా తీసుకున్నాడు, మమ్మా. నేనే ఫోన్ చేశాను. తీరా అది, పెళ్ళయ్యాక దీవిలో మేము ఇంకో నాలుగు రోజులు ఉండిపోయామే, వాటిల్లో పడింది. ఇక్కడ చెరుకు బండి తోలే మనిషి రాలేదు. పెట్టెలు నింపకపోతే ఫ్యాక్టరీలో మన వంతు పోతుంది కదా. నా పని కూడా ఆయనే చేశాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు."

"నువ్వు వచ్చాక?"

"వచ్చాక అడిగాను. కోతలు అయ్యాక అన్నాడు. సరేనన్నాను."

మార్నీ పళ్ళేన్ని బల్ల మీద పెట్టింది. పెళ్ళయ్యాక వెళ్ళిన ఆ దీవిలో తెల్లటి ఇసుక, పొద్దున్నే కిటికీ దగ్గర అరిచే చిలకలు, ఇద్దరికీ ఒకే మామిడిపండు. వెనక్కి బయల్దేరాల్సిన రోజున ఇంకో నాలుగు రోజులుందామని బతిమాలింది తనే. నాన్న ఒక్కడే ఉన్నాడని డారియో అన్నాడు. పపా ఏమీ అనుకోరు, ఫోన్ చెయ్యి, అని తనే అంది. ఫోన్లో ఆల్డో నవ్వాడు. ఉండండి, ఉండండి, మళ్ళీ ఎప్పుడు వెళ్తారు, అన్నాడు. ఆ మాటకి ఆమె మంచం మీద ఎగిరి గంతేసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది మార్నీ.

"నువ్వంత సంతోషంగా ఉన్నావు..."

"నా పెట్టెలోవి తీసి అంటించావు. పిల్లలకి ఎక్కువ ఇచ్చేస్తున్నానేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు పక్కనే ఉండి విన్నావు."

డారియో తల దించుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులంటే ఆమెకి ఎంతో ఇష్టం. ఇప్పుడు వాటిని చూడలేకపోయింది.

"మీ సంగతి తరువాత తేల్చుకోండి," అంది నెరీనా. "చెప్పొద్దన్నది ఎవరికి? ముందు ఎవరికి?"

"నీకు."

"ఎందుకని?"

"మమ్మా, అది..."

"చెప్పు."

"చూస్తానంటావని," అన్నాడు డారియో. "ఇన్నేళ్ళ తరువాత నీ ముందు చొక్కా విప్పాలంటే సిగ్గన్నాడు."

నెరీనా కొళాయి కట్టేసింది. గౌను మీద వేసుకున్న వంట గుడ్డ ముడి విప్పింది. ఆ ముడి తొందరగా రాలేదు. విప్పి, మేకుకి తగిలించి, జుట్టు చేత్తో సర్దుకుని వెనక మెట్లు దిగింది. సర్దుకోవడం మార్నీ చూసింది, చూడనట్టు నటించింది.

ఇద్దరూ ఆమె వెంట సగం మెట్ల దాకా దిగి ఆగిపోయారు. ఇంటి కింద చల్లగా, మసకగా ఉంది. స్నానాల గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"తలుపు తియ్యి, ఆల్డో."

"స్నానం చేస్తున్నాను."

"నీళ్ళ చప్పుడేదీ?"

లోపల కొళాయి కిర్రుమంది. ఆ తరువాత నీళ్ళు ధారగా పడ్డాయి.

"బూట్లతోనా స్నానం?" అంది నెరీనా. పలకల కింది సందులోంచి ఆయన బూట్లు కనిపిస్తున్నాయి. వాటి చుట్టూ నీళ్ళు మడుగు కడుతున్నాయి. డారియో గొంతులోంచి నవ్వులాంటిదేదో రాబోయి ఆగిపోయింది.

"పైకి పో, నెరీనా. పిల్లలు నవ్వుతారు."

"నవ్వనీ. కొళాయి కట్టు, చొక్కా తడుస్తోంది. అది ఇస్త్రీ చేసింది నేను."

నీళ్ళు ఆగాయి.

"నేను ముసలిదాన్నయ్యాను," అంది ఆమె తలుపుకి దగ్గరగా జరిగి. "నువ్వూ అయ్యావు. నా దగ్గర సిగ్గుపడటానికి నీ ఒంటి మీద ఇంకేం మిగిలింది?"

"అందుకే సిగ్గు," అన్నాడు ఆల్డో లోపల్నుంచి.

నెరీనా పలక మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆమె వెళ్ళిపోతుందేమోనని మార్నీకి భయం వేసింది. వెళ్ళిపోతే ఈయన మళ్ళీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు, రేపు పొద్దున్నే మిషనెక్కుతాడు. ఈ ఇంట్లో ఇంకెవరూ ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తరు.

ఆమె వెళ్ళలేదు. చాలాసేపటికి లోపల గడియ జరిగింది.

మార్నీ వెంటనే ముఖం పక్కకి తిప్పేసుకుంది. ఇంటి స్తంభం మీద చీమలు బారులు కట్టి పోతున్నాయి. వాటినే చూస్తూ నిలబడింది. డారియో చెయ్యి ఆమె చేతిని వెతుక్కుంది. ఆమె ఇవ్వలేదు, లాక్కోనూ లేదు.

"ఇటు తిరుగు. వెలుగులోకి."

తడి బట్ట ఒంటి నుంచి ఊడి వచ్చిన చప్పుడు.

నెరీనా ఏం చూస్తోందో మార్నీకి తెలుసు. రక్తపు మరక, కప్ప బొమ్మ, దాని కింద ఆ చెదిరిన అంచులు. కానీ నెరీనా నోటి నుంచి వచ్చిన మాట మచ్చ గురించి కాదు.

"ఇంత చిక్కిపోయావా," అంది.

"కోతల్లో ఎప్పుడూ చిక్కుతాను కదా."

"ఎప్పుడూ అంటే నాకేం తెలుసు." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నొప్పిగా ఉందా?"

"దురద. నొప్పేం లేదు."

"ఇక్కడ నొక్కితే?"

"లేదు."

"ఇక్కడ?"

"నీ చెయ్యి చల్లగా ఉంది," అన్నాడు ఆల్డో. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

"పళ్ళేలు కడుగుతున్నాను. చెయ్యెత్తు."

"ఎందుకు? మచ్చ అక్కడ లేదుగా."

"ఎత్తమన్నాను. మా అన్నకి వచ్చినప్పుడు డాక్టరు అక్కడే ముందు చూశాడు, పాకితే ముందు అక్కడికే పాకుతుందట. లేచినంత ఎత్తు."

డారియో వేళ్ళు మార్నీ మణికట్టుని బిగించాయి. పైన వరండాలో ఇనేస్ గురక సన్నగా వినిపిస్తోంది.

"ఇదేంటి?" అంది నెరీనా.

"ఏది?"

"ఇది. చంకలో. ఇదిగో, నా వేలి కింద."

"ఏముంది అక్కడ?" అన్నాడు ఆల్డో. అంతసేపూ ఆయన మాటల్లో ఉన్న బిడియం ఒక్కసారిగా పోయింది. అది నిజంగా తెలియక అడుగుతున్న మనిషి గొంతు. "అక్కడేం లేదే."

"కదలకు," అంది నెరీనా.

"నెరీనా, ఏముంది?"

"మార్నీ," అని పిలిచింది ఆమె. "ఇలా రా. ఒకసారి ముట్టుకుని చూడు. నా వేళ్ళు వణుకుతున్నాయి, నాకు తెలియట్లేదు."

మార్నీ కదల్లేకపోయింది. స్తంభం మీది చీమలు కళ్ళలో నీళ్ళకి అలుక్కుపోయాయి. అక్కడికి తను వెళ్ళకూడదు. ఆ పలకల సందు దగ్గర నిలబడి చూసిన మనిషి తనే.

"రా, అమ్మాయ్," అన్నాడు ఆల్డో. "వచ్చి చూడు. ఫరవాలేదు."

ఆమె మెట్లు దిగి వెళ్ళింది. ఆయన తడి చొక్కాని గుండెకి అదుముకుని, గోడ పట్టుకుని, ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. నెరీనా ఆమె చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టింది. చర్మం కింద గోలీకాయంత గట్టిగా, కదలకుండా ఒక గడ్డ. మార్నీ వేళ్ళు దాన్ని దాటి కాస్త కిందికి జరిగాయి. అక్కడ ఆగాయి. ఇంకొంచెం పక్కకి జరిగి మళ్ళీ ఆగాయి.

"ఒకటేనా?" అన్నాడు ఆల్డో.

ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మార్నీ నెరీనా వేలు పట్టుకుని రెండో గడ్డ మీద, ఆ తరువాత మూడో దాని మీద పెట్టింది.